అర్జీదారు ఇంట్లో లేరు

మా ఇంటి స్లాబును కర్రతో కొడితే మూడు రకాల శబ్దాలు వచ్చేవి. గోడల దగ్గర గట్టిగా, వంటగది వైపు కాస్త మొద్దుగా, నాన్న మంచం ఉన్న చోట డొల్లగా.

నేను పనిచేసేది తెనాలిలో. సిమెంటు దిమ్మలను యంత్రంలో పెట్టి నొక్కి, ఎంత బరువుకు పగిలాయో చూసే ల్యాబు. పొద్దున రేపల్లెలో రైలెక్కి వెళ్లి, సాయంత్రం రైలుకు ఇంటికొస్తాను. డొల్ల శబ్దానికి అర్థం నాకు తెలుసు. లోపల చువ్వలు తుప్పు పట్టి ఉబ్బాయి, కాంక్రీటు వాటిని వదిలేసింది. పెచ్చులు ఊడటం అప్పటికే మొదలైంది. నాన్న పోయాక అమ్మ ఆ మంచం మీదే పడుకుంటోంది. జరపనివ్వదు.

"మీ ఇంట్లో పడుకోవాలంటే హెల్మెట్ పెట్టుకోవాలి వదినా," అని పక్కింటావిడ నవ్వేది.

"నువ్వు మాత్రం ఏం తక్కువ? మీదీ ఇదే స్లాబు," అనేది అమ్మ.

ఇల్లు మాది కాదు. తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం అద్దెకిచ్చిన క్వార్టరు. ఏ శాఖదో ఇక్కడ రాయను. నాన్న పేరు మీద వచ్చింది. ఆయన చనిపోయాక కూడా అద్దె ఆయన పేరు మీదే కడుతూ వచ్చాం. పేరు మార్చమంటే ఇల్లే తీసుకుంటారని అమ్మ భయం. వెనక వరసలో ఒకావిడ, భర్త పోయాడని చెప్పాక, సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోవడం అమ్మ కళ్లారా చూసింది.

మరమ్మతు కావాలంటే ముందు వార్డు సచివాలయంలో అర్జీ పెట్టాలి. అక్కడున్న అమ్మాయి ఇంటి నంబరు కొట్టగానే తెర మీద నాన్న పేరు వచ్చింది. పక్కన ఆయన ఫోన్ నంబరు.

"ఈ నంబరుకి ఓటీపీ వెళ్తుందండి. ఫోన్ ఎవరి దగ్గరుంది?"

నాన్న ఫోన్ ఇంట్లో అలమర మీద ఉంటుంది. అమ్మ దాన్ని చార్జింగ్ పెడుతూనే ఉంటుంది, ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఇంటికి ఫోన్ చేశాను.

"ఓటీపీ వచ్చిందా అమ్మా?"

"వచ్చింది, మీ నాన్నకి," అంది అమ్మ. అంకెలు ఒక్కొక్కటిగా చదివింది.

స్లాబు ప్రమాదకరంగా ఉంది, పరిశీలించి బాగు చేయించగలరు అని నాన్న పేరుతో అర్జీ నమోదైంది. "ఇట్లు" కింద ఆయన పేరు ఉంది. ఆయన బతికి ఉండగా ఎవరి మీదా ఫిర్యాదు చేసిన మనిషి కాదు.

ఆ వారంలోనే నాన్న ఫోన్ మోగింది. అమ్మ ఎత్తి, స్పీకర్ పెట్టింది.

"నమస్కారమండి, అర్జీ పెట్టిన ఆయనతో మాట్లాడొచ్చా అమ్మా?"

"ఆయన లేరండి."

"ఎప్పుడొస్తారండి?"

అమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఏం చెప్పొద్దన్నానో నాకే తెలియలేదు.

"తెలీదండి," అంది.

అమ్మ అబద్ధం ఆడలేదు. లేరు అంటే లేరు. ఆ మాటను వాళ్లు వాళ్లకు కావలసినట్టు తీసుకున్నారు. తర్వాత ఆఫీసు నుంచి ఒకతను వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "సార్ లేరా?" అన్నాడు. గోడ మీద నాన్న ఫొటోను అమ్మ అప్పటికే తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. అది ఉన్న చోట సున్నం తెల్లగా, నలుచదరంగా కనిపిస్తూనే ఉంది. లేరంది. అతను స్లాబు వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. సాయంత్రానికి నాన్న ఫోనుకు మెసేజ్ వచ్చింది: అర్జీదారు ఇంట్లో లేరు. అర్జీ పరిష్కరించబడినది.

పరిష్కారం నచ్చకపోతే అర్జీని మళ్లీ తెరిపించవచ్చు. తెరిపించాను. మళ్లీ ఫోన్, మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే మెసేజ్. ఇంట్లో ఒక మార్పు వచ్చింది. ఫోన్ మోగితే అమ్మ ముందుగా తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు కూర వడ్డిస్తూ, "ఇన్నిసార్లు అడుగుతుంటే, నిజంగానే ఎటో వెళ్లాడేమో అనిపిస్తోందిరా," అంది. నేను అన్నం కలుపుకున్నాను.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం అమ్మ వంటగదిలో ఉండగా, అరచేయంత పెచ్చు మంచం మీద పడింది. దిండు మీద.

ఆ సోమవారం ఇద్దరం బస్సెక్కి బాపట్ల వెళ్లాం. జిల్లా ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. కింద పరిష్కారం కానిది అక్కడ అధికారి ముందు నేరుగా చెప్పుకోవచ్చు. వరస కదలడానికి చాలాసేపు పట్టింది. అధికారి పాత అర్జీ చూసి, "అర్జీదారు రాలేదా?" అన్నాడు.

బస్సులో చెప్పవలసింది నేను సిద్ధం చేసుకున్నాను. ఒకటి, ఒంట్లో బాగోలేదు. రెండు, ఊళ్లో లేరు. నేను నోరు తెరిచేలోగా అమ్మ ముందుకు వంగింది.

"చచ్చిపోయాడండి. నా మొగుడు చచ్చిపోయాడు."

ఇంటి దగ్గర, చర్చిలో, చుట్టాల దగ్గర, ఎక్కడా అమ్మ ఆ మాట వాడలేదు. ప్రభువు దగ్గరికి వెళ్లాడనేది, లేదంటే లేడనేది. అధికారి కలం పక్కన పెట్టాడు.

"ఈ మాట ముందే చెప్పాల్సిందమ్మా."

"చెప్తే ఇల్లు పోద్దని చెప్పలేదయ్యా. ఇప్పుడు నా మీదే పడేట్టుంది."

ఆయన కోప్పడలేదు. చనిపోయినవాళ్ల పేరున అర్జీ చెల్లదు కాబట్టి పాతది కొట్టేశారు. అమ్మ పేరుతో కొత్తది రాయించారు. ఇంటి పేరు మార్పుకు వేరే అర్జీ, దానికి మరణ ధ్రువీకరణ పత్రం జత చేయాలన్నారు.

ఈసారి వచ్చిన ఇంజనీరు లోపలికి వచ్చాడు. కర్రతో కొట్టాడు, నేను విన్నదే విన్నాడు. అదే రోజు స్లాబు కింద దాన్ని మోసే ఇనుప జాకీలు బిగించారు. మంచం చుట్టూ నాలుగు, గది మధ్యలో రెండు.

"స్లాబు మార్చాలంటే మీరు ఖాళీ చేయాలి పిన్నిగారూ. తిరిగి ఎవరి పేరున ఇస్తారో పైవాళ్లు చెప్పాలి," అన్నాడు.

"అయితే మార్చొద్దు బాబూ. ఇవి ఉండనియ్యండి."

"జాకీల మీద ఎన్నాళ్లుంటారండి?"

అమ్మ దిండు దులిపి మంచం మీద పెట్టింది. పేరు మార్పు అర్జీకి ఇంకా కబురు లేదు. రైలుకు బయలుదేరే ముందు రోజూ ఒక్కో జాకీని పట్టుకుని చూస్తాను, వదులైతే బిగిస్తాను. మధ్యలో ఉన్న రెండిటిలో ఒకటి ఎప్పుడూ కాస్త వదులై ఉంటుంది. అంటే పైన స్లాబు ఇంకా వాలుతోందని, బరువు మిగతా జాకీల మీదికి జరుగుతోందని అర్థం. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. దాన్ని బిగించి, చేతులు తుడుచుకుని, తలుపు దగ్గరికి వేసి వెళ్తాను.