మొగలి పొదల దాకా

మా తోడికోడలికి సముద్రం కొత్తేమీ కాదు. బస్సులో, ఆటోలో, పెళ్లివాళ్ల కారులో ఎన్నోసార్లు చూసింది. కానీ యాభై దాటాక, బరంపురం లంజిపల్లి వీధిలో మా పిల్లలు వదిలేసిన సైకిళ్ల మీద ఇద్దరం తొక్కడం నేర్చుకున్నాక ఆవిడకో పిచ్చి పట్టింది. చమఖండి దాకా తొక్కుకుంటూ వెళ్లి సముద్రం చూడాలట! మనవల్ని ఆడించుకునే వయసులో ఇదేం సరదా అని విసుక్కుంటూనే నేనూ బయల్దేరేదాన్ని.

బడా బజార్లోని మా బట్టల కొట్టుకు సెలవు రోజున తెల్లారగానే వెళ్లేవాళ్లం. ఊరు దాటితే రెండువైపులా వరి మళ్లు, దూరంగా కొండలు. ఒకసారి ఓ ముసలాయన "కుఆడె జాఉచొ, మా?" అని ఆపాడు. ఎక్కడికమ్మా అని అడిగిన పాపానికి, సముద్రం చూడ్డానికని ఒడియాలోనే దర్జాగా చెప్పింది మహాతల్లి. ఆయన మా చీరలూ సైకిళ్లూ చూసి నోరు తెరిచాడు.

పదింటికి మామగారు భోజనానికి కూర్చునేసరికి ఇద్దరం ఇంట్లో ఉండాలి. అందుకే ప్రతిసారీ "ఇంక తిరుగుదామక్కా" అనే పిరికిదాన్ని నేనే. "ఇంకొక్క మలుపు సూద్దామే, నీ సొమ్మేటి పోద్ది?" అని బతిమాలేది ఆవిడ.

ఒకరోజు ఛత్రపురం కూడా దాటేశాం. వాన వెలిసిన ఉదయం. దారి పొడవునా మొగలి పొదలు, గాలి నిండా ఆ పూల వాసన. పొదల అవతల కెరటాల మోత వినిపిస్తోంది. నేను వాచీ చూసుకున్నాను. ఆవిడ నా మొహం చూసి సైకిలు వెనక్కి తిప్పింది. ఆ వాచీ చూసుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

తర్వాత ఆవిడ మోకాళ్లు వాచాయి. ఆపరేషన్ చేశాక, సైకిలు మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆటోలో వెళ్దామన్నాను.

"ఆటోలో ఎవులైనా ఎల్తారు" అని మొహం తిప్పుకుంది.

మామగారు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు పదింటికి నన్ను అడిగేవాళ్లే లేరు. మొన్న సెలవు రోజున ఆవిడే నన్ను తరిమింది. "నువ్వైనా ఎల్లి సూసొచ్చి సెప్పవే" అంది.

వెళ్లాను. మొగలి పొదల దగ్గరికి వచ్చేసరికి సైకిలు దిగిపోయాను. ఇంకొక్క మలుపు అనే మనిషి పక్కన లేదు. అక్కడే కాసేపు ఏడ్చి, వెనక్కి వచ్చేశాను.

ఆవిడ మంచం మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"సూసేవేటి?"

"సూసేనక్కా. ఎంతేసి కెరటాలో! ఒడ్డు నిండా పడవలే." నోటికొచ్చిందల్లా చెప్పుకుపోయాను.

అంతా విని, "ఏదీ, నీ సెప్పులిలా తే" అంది. తెచ్చి ఇచ్చాను. రెండూ తిరగేసి అరచేతిలో దులిపింది. ఒక్క ఇసుక రేణువు రాలలేదు.

"ఎల్లలేదు కదే!"

తిట్లు తప్పవనుకుని తల వంచుకున్నాను. ఆవిడ ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని ఏడ్చేసింది.

"ఎల్లమని నోటితో అన్నాను గానీ, నన్నొదిలేసి నిజంగా సూసొచ్చేస్తావేమోనని పొద్దుట్నుంచీ నా పేనం పేనంలో లేదే."