కొరియా గుట్ట మీద పిలిచిన పేరు

"సముద్రం ఉప్పగ ఉంటదంటరు. పోయినంక నాలిక మీద ఏసుకొని చూద్దామా?"

"ముందుగల్ల కోళ్ళను కమ్మి రా పో. పిల్లి తిరుగుతాంది."

నేనూ మా ఆయనా చివరగా మాట్లాడుకున్నది ఇంతే. ఆయన "ఆ" అన్నాడు. ఆ ఒక్క అక్షరాన్ని కూడా మాట కిందే జమ కడితే చివరి మాట ఆయనదే. పెరట్లోకి వెళ్ళాడు, కోళ్ళ మీద గంప బోర్లించాడు, పైన రాయి పెట్టాడు, ఆ గంప పక్కనే కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. జనగామ దవాఖానలో గుండె అన్నారు. కోడి మాత్రం ఒక్కటి పోలేదు. పొద్దున ఏడవడానికి వచ్చినవాళ్ళు, లోపల కోళ్ళు అరుస్తుంటే, ఆ గంప ఎత్తవచ్చా ఎత్తకూడదా అని కాసేపు పంచాయితీ పెట్టుకున్నారు.

మాది కొడకండ్లలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం. ఆయన గల్లా దగ్గర కూర్చునేవాడు, నేను డబ్బాలు అందించేదాన్ని. నాకు చదువు సంతకం వరకే. ఆ ఏడాది పత్తి మందు బాగా అమ్మిన డీలర్లను ఆలుమగలతో కలిపి కొరియా తీసుకుపోతామని కంపెనీవాళ్ళు అన్నారు. రెండు సీజన్లు ఆయన నిద్రలో కూడా మందు అమ్మాడు. కొరియా ఎటువైపు ఉంటుందో ఆయనకు తెలియదు. అడిగితే, "మనకెందుకు, ఇమానం నడిపెటోనికి ఎరుకైతే సాలదా" అనేవాడు.

ఆయన పోయాక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ సీటులో ఇంటి మనిషి ఇంకెవరైనా రావచ్చన్నారు. నాకు టూరు మీద ఏమంత మోజు లేదు. అసలు సంగతి వేరే ఉంది. కంపెనీ సరుకు ఆయన పేరు మీద వచ్చేది. ఇకమీదట అది నా పేరు మీద పంపాలా, మా బావ పేరు మీద పంపాలా అని తేల్చే పెద్దసారు ఆ టూరులోనే వస్తున్నాడు. బావ అంటే మా ఆయనకు అన్న, నెల్లికుదురులో కిరాణా దుకాణం. దినాలనాడే నలుగురి ముందు అన్నాడు: "ఆడమనిషి పురుగుమందు అమ్ముతా అంటే రైతులు గడప తొక్కుతరా? దుకాణం నేను సూసుకుంట. బియ్యానికి, బట్టకు లోటు రానియ్య."

నాకు బియ్యం, బట్ట వద్దు. ఆ గల్లా ముందున్న కుర్చీ కావాలి. అది పోయిందంటే ఇక జీవితమంతా ఎవరింట్లోనో ఓ మూల కూర్చుని చింతపండు పిసకాలి. అందుకని బయలుదేరాను. నేను బయలుదేరానని బావ కూడా బయలుదేరాడు, తమ్ముడి సీట్లో.

ఊళ్ళో ఆడవాళ్ళు "మొగడు పోయి ఏడాది తిరుగలే, మొగులు మీదికి పోతదట" అన్నారు, మొగులంటే ఆకాశం. మా యారాలు, అంటే బావ భార్య, వాళ్ళకంటే బాగా అన్నది: "నన్ను మానుకోట దాటించలే. మరదలితోని కొరియా పోతాండు."

అవి రాష్ట్రం కోసం కొట్లాడుతున్న రోజులు. ఎప్పుడు ఏ రోడ్డు నడుస్తుందో ఎవరికీ తెలియదు. మేము పోయే రోజు జనగామ దగ్గర వంటా వార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, బగోనాలు ఎక్కించి, అక్కడే వండుకుని అక్కడే తింటున్నారు. మా జీపు ఆపారు.

"ఏడికి పెద్దమనిషీ?"

"కొరియా," అన్నాడు బావ.

"జనగామల బస్‌స్టాండుకే తొవ్వ లేదు, ఈయన కొరియా పోతడట."

"నిజమే బాబు. టికెట్లు ఉన్నయి."

"గంత దూరం ఖాళీ కడుపుతోని ఎట్ల పోతరే? కూసోర్రి. తిన్నంక ఇడిసిపెడ్తం."

బావకు కత్తిపీట ముందు పెట్టి ఉల్లిగడ్డలు పోశారు. నన్ను గంజి వంచమన్నారు. బావ కళ్ళనీళ్ళు చూసి ఎవరో, "ఏడ్వకే, వచ్చేటియాల్లకు రాష్ట్రం వస్తది తీయ్" అన్నారు. విమానం దగ్గరికి చేరేసరికి మా ఇద్దరి బట్టలూ కట్టెల పొగ వాసన.

విమానంలో ఇంకో తిప్పలు. ఇద్దరివీ పక్కపక్క సీట్లు. బావ ముందు నేను మంచం మీద కూర్చున్నదాన్ని కాదు, ఎదురుపడి మాట్లాడినదాన్ని కాదు. ఏదైనా చెప్పాలంటే గోడకో, పిల్లికో చెప్పినట్టు చెప్పేదాన్ని, ఆయన విని ఊరుకునేవాడు. అలాంటిది ఆయన భుజానికి భుజం ఆనించి కొరియా దాకా ఎలా కూర్చోను? నిలబడ్డాను. విమానం పిల్ల వచ్చి కూర్చోమన్నది. నేను కూర్చోగానే బావ లేచాడు. ఆయన్ను కూర్చోబెట్టగానే నేను లేచాను. మా ఇద్దరి సీట్లలో ఏమైనా గుచ్చుకుంటున్నదా అని ఆ పిల్ల వంగి తడిమి చూసింది. చివరికి భూపాలపల్లి డీలరు, ఆయన భార్య మా మీద జాలిపడి విడిపోయారు. ఆమె నా పక్కకు వచ్చింది, ఆయన బావ పక్కకు పోయాడు. హోటళ్ళలో కూడా ఆలుమగలకని ఒక్కో గది, ఒక్కో మంచం. అక్కడా అంతే. టూరంతా వాళ్ళ కాపురం మా వల్ల రెండు గదులైంది.

"పెండ్లయిన కాన్నుంచి ఆయన గురక లేకుంట పండుకున్నది గిప్పుడే," అన్నది ఆమె. "నువ్వు మల్ల ఏడికన్న పోతే చెప్పక్కా, వస్తం."

సియోల్‌లో రాజుల కోట చూపించారు. గుడుల మీద గుడి పేర్చినట్టు కప్పులు, కింద నేల మీద పుల్ల కూడా లేదు. అందరి మెడల్లో కంపెనీవాళ్ళు పేర్ల బిళ్ళలు వేశారు. అవి ఎప్పుడో చేయించిపెట్టినవి. బావ మెడలో ఉన్న బిళ్ళ మీద మా ఆయన పేరు. పొద్దున బస్సు కదిలే ముందు, మమ్మల్ని తిప్పే కొరియా అమ్మాయి ఆ పేరు పిలిచేది, బావ "ఆ" అనేవాడు. అన్నదమ్ములు కదా, గొంతు ఒకటే. నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

ఆ కోట దగ్గర వాళ్ళ పాతకాలం బట్టలు కిరాయికి ఇస్తారు. కంపెనీ క్యాలెండర్‌కని ఆలుమగలందరికీ తొడిగించారు. బావకు రాజు అంగీ, నెత్తిన నల్ల టోపీ, మెడలో చనిపోయిన తమ్ముడి పేరు. నాకు గంపంత ఎర్ర లంగా. ఫొటో తీసేవాడు దగ్గరికి జరగమంటాడు. నేను ఒక అడుగు ఇటు, బావ ఒక అడుగు అటు.

ఫొటో వచ్చాక భూపాలపల్లి ఆయన చూసి, "కోట మంచిగ పడ్డదక్కా. మీరే, ఆ చివరోళ్ళు ఈ చివరోళ్ళు లెక్క ఉన్నరు," అన్నాడు.

ఇదంతా ఒక వైపు, పెద్దసారును పట్టుకోవడం ఒక వైపు. సారుది కోస్తా. అక్కడి చప్పిడి తిండి ఆయనకు దిగకపోతే నేను మామిడికాయ తొక్కు వేసేదాన్ని. అది చూసి బావ ఆయన సంచి మోసేవాడు. నేను రెండో ముద్దకు తొక్కు వేస్తే బావ రెండో సంచి అందుకునేవాడు. సారుకు అర్థమైంది. "మీరిద్దరూ ఇలా పోటీ పడితే నేను లావైపోయేలా ఉన్నానండీ. బూసాన్‌లో ఆఖరి రోజున చెప్తాను, అప్పటిదాకా నన్నొదిలేయండి," అన్నాడు.

తర్వాత సొరాక్ అనే గుట్టలకు తీసుకుపోయారు. మన దగ్గర ఎండలు ముదిరాయి, అక్కడ పళ్ళు కొట్టుకునే చలి. రోప్‌వే డబ్బాలో కూర్చుంటే పైకి లాగింది. పైన అంతా నున్నటి బండలు. దిగే వేళకు లెక్క చూస్తే బావ లేడు.

కొరియా అమ్మాయి కాస్త హిందీ మాట్లాడేది. మా దుకాణం పక్కన సైకిళ్ళు బాగుచేసే సాయిబుల ఇంట్లో నేర్చుకున్న ఉర్దూతో నేను ఆమెతో నెట్టుకొచ్చేదాన్ని. ఆమె తన పేర్ల కాగితం మీద వేలు పెట్టి, మీ ఆయన ఎటు పోయాడమ్మా అన్నది. మా ఆయన ఎటు పోయాడో ఆమెకు ఏమని చెప్పను? ఆమె నన్ను రోప్‌వే గది దగ్గరికి తీసుకుపోయి మైకు చేతికిచ్చింది. నేను పిలిస్తే ఆ గుట్టంతా వినపడుతుంది, భార్య పిలిస్తే తొందరగా వస్తాడు, పేరు పెట్టి పిలువు అన్నది.

నేను మా ఆయన పేరు ఎన్నడూ పలకలేదు. పెళ్ళైన రోజు ఆడబిడ్డలు గడప దగ్గర అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్తేనే లోపలికి అన్నారు. వాళ్ళ చేతుల కింద నుంచి దూరిపోయాను. రేషన్ దుకాణంలో అడిగితే పక్కనున్నవాళ్ళతో చెప్పించేదాన్ని. బావ పేరు కూడా మరదలి నోట రాకూడదు. మైకు పట్టుకుని రెండు పేర్ల మధ్య నిలబడ్డాను. వెనక డీలర్లు అందరూ చూస్తున్నారు.

నా చేతికి మైకు రావడం అంతకు ముందు ఒక్కసారే, కొడకండ్ల రాస్తారోకోలో. మైకు పట్టుకున్నవాళ్ళ నోట ఆ రోజుల్లో మొదట ఏం వచ్చేదో అందరికీ తెలుసు. నాకూ అదే వచ్చింది.

"జై తెలంగాణ," అన్నాను.

"జై తెలంగాణ," అన్నారు వెనక డీలర్లు, అలవాటు కొద్దీ, చేతులెత్తి. బండల మీద పిట్టలు లేచిపోయాయి. రోప్‌వే దగ్గర వరసలో ఉన్న కొరియావాళ్ళలో ఒక ముసలాయన ఎందుకైనా మంచిదని తనూ చెయ్యెత్తాడు.

"అమ్మా, పేరు పిలవమన్నారు," అన్నాడు పెద్దసారు, మఫ్లరు సర్దుకుంటూ.

ఎలాగూ తప్పు చేయక తప్పనప్పుడు, పరాయివాళ్ళ పేరు ఎందుకు? నా మొగుడి పేరే పిలిచాను. మొదటిసారి సగమే వచ్చింది. రెండోసారి మొత్తం వచ్చింది. అది గుట్టకు తగిలి తిరిగి నా దగ్గరికే వచ్చింది, నన్నే ఎవరో పిలిచినట్టు. తర్వాత ఆపలేదు. కోళ్ళను కమ్మింది చాలు, ఇక లేచి రా అన్నాను. బువ్వ చల్లారిపోతున్నది అన్నాను. భూపాలపల్లి అక్క వచ్చి మైకు మీద చెయ్యి వేసేదాకా పిలుస్తూనే ఉన్నాను. అప్పటిదాకా గుసగుసలాడుతున్న డీలర్లు కాళ్ళ కింద బండలు చూసుకుంటున్నారు.

బావ రాలేదు. భూపాలపల్లి ఆయన వెతుక్కుంటూ వెళ్ళేసరికి నాలుగు బండల అవతలే ఉన్నాడు. గుట్టలెక్కే కొరియా ముసలివాళ్ళు చుట్టూ కూర్చున్నారు. చేతిలో గిన్నె, గిన్నెలో తెల్లటి బియ్యపు సారా.

"కల్లు లెక్కనే ఉన్నదిర బై. మంచోళ్ళు," అన్నాడు.

"నువ్వు మంచిగనే ఉన్నవే. గంత సేపు పిలుస్తాంటే ఇనపడలేదానే?"

"ఇనపడ్డది."

"మరి రావాల్నా వద్దా?"

బావ గిన్నె కింద పెట్టాడట. "పిలిచింది నన్ను గాదు గదా. మా తమ్మున్ని. వాడు వస్తడేమో అని సూసుకుంట కూసున్న."

ఈ మాట భూపాలపల్లి ఆయన నాకు బస్సులో చెప్పాడు. మర్నాడు పొద్దున బస్సులో ఆ అమ్మాయి మళ్ళీ ఆ పేరు పిలిచింది. బావ "ఆ" అనలేదు. చేయి మాత్రం ఎత్తాడు.

బూసాన్‌లో సముద్రం చూశాను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగానే ఉంది. అంత దూరం పోయినందుకు ఇంకేమైనా రుచి ఉంటుందేమో అనుకున్నాను, లేదు. పక్కన భూపాలపల్లి అక్క అలల ముందు చెప్పులు విడిచి దండం పెట్టేసరికి ఒక చెప్పు సముద్రంలోకి పోయింది.

ఆ రాత్రి హోటల్లో కంపెనీ విందు. డీలర్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి స్టేజీ మీదికి పిలిచి, శాలువా, అక్కడివాళ్ళు బలానికి తినే ఏదో చెట్టు వేళ్ళు పోసిన డబ్బా ఇస్తున్నారు. మా ఆయన పేరు పిలిచారు. బావ మెడలో బిళ్ళ మెరుస్తోంది. లేచి నడిస్తే చాలు, సరుకు ఆయనదే, సారు అటే చూస్తున్నాడు.

బావ లేవలేదు. మళ్ళీ పిలిచారు. భూపాలపల్లి ఆయన మోచేత్తో పొడిచాడు. "పోవేందే, నిన్నే."

"నన్ను గాదు," అన్నాడు బావ. మెడలో బిళ్ళ తీసి బల్ల మీద నా వైపు జరిపాడు. ఉప్పు డబ్బాతో చెప్పినట్టు, దాని వైపు చూస్తూ అన్నాడు: "వాని పేరు పిలిచే హక్కు ఉన్నోళ్ళను పొమ్మనుర్రి."

నేను పోయాను. సారు శాలువా కప్పి, "సీజన్‌కి సరుకు మీ పేరు మీదే పంపిస్తాలే అమ్మా. కానీ దుకాణంలో మైకు మాత్రం పెట్టకండి," అన్నాడు.

బావ తెలిసే అలా అన్నాడా, గుట్ట మీద తాగింది ఇంకా దిగక అన్నాడా, ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేను గోడతో కూడా అడగలేదు. ఇంటికొచ్చాక ఆ వేళ్ళ డబ్బా నెల్లికుదురు పంపాను. మా యారాలు వాటిని అల్లం అనుకుని చాయ్‌లో వేసి అయిపోగొట్టింది. దుకాణం బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరే. దుకాణం ఎవరిదని ఎవరైనా అడిగితే, పైకి చూసి చదువుకోమంటాను.

ఇంతవరకు రాసింది నా మేనకోడలు, మా అన్న బిడ్డ. ఇప్పుడే కలం ఎత్తి అడుగుతోంది:

"అత్తా, మామ పేరు ఏడ రాయాలె?"

"ఏడ రాయకు. నేను సెప్పలే గదా."

"గుట్ట మీద సెప్పినవట గదా."

"గది కొరియాల. ఇగ మొదటి నుంచి సదువు బిడ్డా, కోళ్ళ కాన్నుంచి. జర మెల్లగ సదువు."