సుధాకర్ వంకరగా బిగించిన మోటారు

నిన్న పొద్దున పూజ ముగించి హారతి పళ్లెం కింద పెడుతుంటే ఫోన్ మోగింది. నర్సంపేట నుంచి మరదలు లక్ష్మి.

"వదినా, ఆయన లేస్తలేడు."

నా తమ్ముడు సుధాకర్ ఇక లేడు.

ఈ వాక్యం రాసి మళ్లీ చదివాను. ఎవరో వేరేవాళ్ల గురించి రాసినట్టుంది.

ఛాతీలో నొప్పి కొన్ని రోజులుగా ఉందట. లక్ష్మితో "గ్యాస్" అన్నాడట. మొన్న నాతో ఫోన్‌లో మాట్లాడాడు. నా మోకాళ్ల నొప్పి గురించి అడిగాడు. తన నొప్పి ఊసే ఎత్తలేదు.

మన ఫ్యామిలీ గ్రూపులో అందరూ ఒకటే రాస్తున్నారు. ఎంత ఓపిక. ఎవ్వరినీ పల్లెత్తు మాట అనలేదు. సైలెంట్ మనిషి.

నిజమే. నా కోపం దాని మీదే.

నేను కోపం చేసుకునే మనిషిని కానని మీకు తెలుసు. ఇవాళ చేసుకుంటాను.

చిన్నవాళ్లకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఎనభైల్లో, ఇంటర్ అయిపోయిన ఎండాకాలం, వరంగల్‌లో మా మేడ మీద సుధాకర్ ఒక చిన్న విమానం తయారు చేశాడు. థర్మాకోల్, వెదురు పుల్లలు. వాడి దోస్తు యూసుఫ్ వాళ్ల అన్న గల్ఫ్ నుంచి రిమోట్ కారు తెచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని విప్పేసి మోటారు, బ్యాటరీలు, రిమోట్ అన్నీ విమానానికి పెట్టారు. ఆ అన్న తిట్లు మా వాకిలి దాకా వినిపించాయి.

ముక్కు దగ్గర ప్లైవుడ్ చెక్క. దానికి మోటారు. స్క్రూల దగ్గర మోటారు వెనక వాషర్లు దూర్చి దాన్ని కొంచెం వంచాడు.

"ఏందిరా, వంకర బిగించినవు?"

"కావాలనే అక్కా. సూటిగ పెడితే పంక తిరిగినప్పుడు ముక్కు మీదికి లేస్తది, ఎడమకు గుంజుతది. అందుకే జర కిందికి, జర కుడికి చూడాలె."

"వంకరగ చూస్తె సక్కగ పోతదా?"

"పోతది. నువ్వు మొక్కుకో, నేను వాషర్లు పెడత."

వాడికి హైదరాబాద్ పోయి విమానాల రిపేర్ నేర్చుకోవాలని ఉండేది. బాపుకేమో వాణ్ణి మా పప్పుల దుకాణంలో కూర్చోబెట్టాలని. అమ్మ బతిమాలగా బతిమాలగా బాపు ఒక మాట ఇచ్చాడు.

"గా విమానం లేచి, తిరిగి మన కాడికొస్తె పంపిస్త. లేకుంటె దుకాణం. మల్ల అడగొద్దు."

ఒక ఆదివారం హసన్‌పర్తి చెరువు పక్క మైదానానికి పోయాం. బాపు దుకాణం మూసి మరీ వచ్చాడు. అమ్మ కొత్త బండికి చేసినట్టే చేసింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ఇంట్లోనే విమానం ముక్కుకు బంతిపూల దండ చుట్టింది.

"అమ్మా, నిమ్మకాయలు గూడ కడితె ఇది ఎగురది. లారీ లెక్క రోడ్డు మీద పోతది," అని యూసుఫ్ నవ్వాడు.

చుట్టూ జనం. ఊఁ కానీయ్, కానీయ్ అని తొందర. సుధాకర్ దండ తీసి అమ్మ చేతికిచ్చి, విమానాన్ని గాలిలోకి విసిరాడు.

లేచింది.

నేను చేతులు జోడించాను. ముక్కు ఇంకా పైకి, ఇంకా పైకి ఎత్తింది. గాలిలో ఆగినట్టయి, ఎడమకు ఒరిగి నేలను పొడిచింది.

జనం నవ్వారు. బాపు నవ్వలేదు. "ఏమైందిరా?" అన్నాడు.

సుధాకర్ విరిగిన ముక్కు చేతిలోకి తీసుకుని చూశాడు. మోటారు వెనక స్క్రూల దగ్గర వేలు పెట్టి తడిమాడు.

"నా లెక్క తప్పింది బాపూ."

మర్నాటి నుంచి దుకాణం. బాపు పోయాక నర్సంపేటలో మోటార్ వైండింగ్ షాపు. రైతుల బోరు మోటార్లు బాగుచేస్తూనే బతుకంతా గడిచింది.

లెక్క తప్పిందనే నేనూ ఇన్నేళ్లు అనుకున్నాను.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు అయ్యాక యూసుఫ్ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, గిప్పుడన్న చెప్పాలె. గా వాషర్లు బాపు తీసిండు."

ఆ ఆదివారం పొద్దున్నే బాపు ఒక్కడే మేడ ఎక్కి దిగడం సుధాకర్ చూశాడట. బాపు నాకు తెలుసు. తక్కెడ ముల్లు వెంట్రుకవాసి పక్కకున్నా తూకం వేయని మనిషి. మోటారు వంకరగా కనిపించింది. కొడుకు నలుగురిలో నవ్వులపాలు అవుతాడనుకున్నాడు. వాషర్లు తీసేసి సూటిగా బిగించాడు. చేసిన సాయం చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. ఆ పైన దండ పడింది. హడావుడిలో సుధాకర్ చూసుకోలేదు. ముక్కు విరిగాకే వాషర్లు లేవని చూశాడు, ఎవరి పనో అర్థమైంది. ఆ సాయంత్రం తూకపు రాళ్ల డబ్బాలో ఆ వాషర్లు కంటపడి అనుమానం రూఢి అయింది.

"బాపుకు తెలిస్తె కుములుతడని నాతోని ఒట్టు పెట్టించుకుండు అక్కా. గసొంటి దిల్ ఎవ్వరికుంటది?" అని యూసుఫ్ ఏడ్చాడు.

నాకు ఏడుపు రాలేదు.

సుధాకర్, బాపు ఎలాంటివాడు? పప్పు తక్కువ తూగిందని తెలిస్తే సందు చివరి దాకా ఉరికి, వాళ్ల సంచిలో పోసి వచ్చేవాడు. నువ్వు చెప్పి ఉంటే కుమిలేవాడు. కుమిలి, తానే నిన్ను హైదరాబాద్ బస్సెక్కించేవాడు. ఆ అవకాశం ఆయనకు నువ్వు ఇవ్వలేదు. కొడుక్కు చేతకాలేదనుకుంటూనే ఆయన కళ్లు మూశాడు.

ఇప్పుడు లక్ష్మికీ అదే చేశావు. నొప్పి అని ఒక్క మాట అంటే దవాఖానకు తీసుకుపోయేది. ఇక బతికినన్నాళ్లూ, నేనెందుకు గట్టిగా అడగలేదు అని తనను తాను తిట్టుకుంటుంది. నువ్వు కాపాడింది ఎవరినిరా?

గ్రూపులో ఉన్నవాళ్లకు ఒక మాట. దీన్ని మంచి గుణమని మీ పిల్లలకు చెప్పకండి.

పోయిరా తమ్ముడూ. ఈ పొద్దున నీ ఫోటో ముందు దీపం పెట్టాను. నీ ప్రాణానికి నెమ్మది ఇవ్వమని దేవుణ్ణి అడిగాను.

నా కోపం తగ్గించమని మాత్రం అడగలేదు.