బొట్టు లేని డబ్బా

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా సరే, అమ్మ బొట్టు పెట్టకుండా స్విచ్ వేయడానికి వీల్లేదు. మిక్సీ అయినా అంతే, ఫోనైనా అంతే. విజయనగరం వైపు నుంచి సైనిక్‌పురి వచ్చి ఇన్నేళ్లయినా ఆమె పద్ధతి ఆమెదే. కుడివైపు పైమూలన కాస్త పసుపు, దాని మీద కుంకుమ. అద్దం మీద పడకుండా, మీటల సందుల్లోకి రాలకుండా, తడి వేలితో అద్దుతుంది. ఆ ఒక్క వేలికి ఉన్న నేర్పు నాకు పది వేళ్లకీ లేదు.

నేనూ నా స్నేహితురాలూ కలిసి వీడియోలు చేసేవాళ్లం. బజారులోకి ఇంకా రాని గేములు, అప్పుడే వస్తున్న గాడ్జెట్లు ముందుగా తెప్పించుకుని, మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఏమనిపించిందో తెలుగులో చెప్పడం మా పని. ఆమెది బొల్లారం. ఆఫీసులో పరిచయం. నాకంటే చిన్నది, అక్కా అక్కా అంటూ వెనకే తిరిగేది. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చి, అమ్మ చేసిన ఉప్మా తిని, ఆ తరువాతే కెమెరా బయటికి తీసేది. మాట్లాడేది నేను. తీసేదీ, కత్తిరించేదీ, అతికించేదీ, పైకి ఎక్కించేదీ ఆమె.

మొట్టమొదటి వీడియోకి ముందు నేను ఆ బొట్టు తుడవబోతే ఆమే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అరే, తుడవకక్కా! గా బొట్టు చూస్తెనే మన వీడియో అని తెలుస్తది," అంది.

నిజంగానే జనానికి ఆ బొట్టు నచ్చింది. నా పేరు తెలియనివాళ్లు కూడా బొట్టక్క అని రాయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి మాకదొక నియమం. డబ్బా తెరిచినప్పటి నుంచి కెమెరా ఆపేదాకా బొట్టు ఉండాల్సిందే. పూర్తయిన వీడియోలు మాత్రం నేను చూసేదాన్ని కాదు. తెర మీద నా మొహం చూసుకోవాలన్నా, నా గొంతు వినాలన్నా నాకు చిరాకు. ఆమె ఉంది కదా, నాకెందుకు అనుకునేదాన్ని. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

మా పక్కింట్లో రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన అంకుల్ ఉంటారు. ఆయనంత గేముల పిచ్చి ఉన్న పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు డ్యూటీకి డ్యూటీకి మధ్య స్టేషన్ దగ్గరి గేముల షాపులో కూర్చునేవారట. అక్కడ అంటుకుంది ఆ జబ్బు. హిందీ బ్రహ్మాండంగా మాట్లాడతారు కానీ కథ అర్థమయ్యేలా ఆయన చదవగలిగేది తెలుగొక్కటే. అందుకని కార్లు తోలడం, తుపాకులు పేల్చడం తప్ప కథ ఉన్న గేమేదీ ఆయనకు అందలేదు.

"గా మనుషులు ఏం మాట్లాడుకుంటున్నరో తెల్వదు బిడ్డా. ఎందుకు కొడుతున్ననో తెల్వకుంటనే కొట్టుకుంట పోతున్న," అని ఒకసారి నవ్వుతూ చెప్పారు.

ఈ మధ్యే ఆయనకు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. డాక్టరు బాగా అయిందన్నా ఆయనకు మాత్రం లోపల బెరుకు పోలేదు. గోడ మీద క్యాలెండరు కూడా దగ్గరికెళ్లి తడిమినట్టు చూసేవారు.

అలాంటి రోజుల్లో చేతిలో పట్టుకుని ఆడుకునే కొత్త గేమ్ యంత్రం ఒకటి, దానితో పాటు రాబోయే గేమ్ ఒకటి, మాకు ముందుగా వచ్చాయి. గేమ్ మొత్తం తెలుగులో కూడా ఆడుకోవచ్చని కంపెనీవాళ్ల మాట. తప్పిపోయిన ఊరిని వెతుక్కుంటూ నది వెంట పోయే ఒక ముసలి పడవవాడి కథ. పాత్రలు నోరు విప్పవు, మాటలన్నీ తెర మీద అక్షరాలుగా పడతాయి. అమ్మకాలు మొదలయ్యే రోజు దాకా ఎవరికీ ఏమీ చెప్పకూడదన్నది షరతు.

సంగతి తెలిసి అంకుల్ గోడ అవతల నుంచే కేకేశారు. "జెర గా దాని అక్షరాలు చూడు బిడ్డా. నా కండ్లకు కనబడేటట్టు ఉంటే చెప్పు. లేకుంటే వద్దు. నువ్వు చెప్తెనే కొంట."

అమ్మ బొట్టు పెట్టింది. కెమెరా ఆన్ అయింది. నల్లటి తెర మీద గేమ్ పేరు తెలుగులో ఇంతింత అక్షరాలతో వెలిగేసరికి నేను చిన్నపిల్లలా అరిచాను. "అబ్బ, ఎన్నాళ్లకి! మన భాషలో ఎంత ముద్దుగా ఉందో చూడండి!" అన్నాను. ఆ సంతోషంలో అబద్ధం రవ్వంత కూడా లేదు.

కథ మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి. ఇంగ్లీషు మాటల కోసం గీసిన గడిలో తెలుగును కుక్కేశారు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. నేనే కళ్లు చికిలించి చదవాల్సి వచ్చింది. పెద్దవి చేసుకునే దారి ఉందేమోనని సెట్టింగులన్నీ వెతికాను, లేదు. దానికి తోడు కాసేపు ఆడేసరికి యంత్రం వెనక భాగం ఇస్త్రీపెట్టెలా కాలింది. దాచుకోకుండా అన్నీ కెమెరా ముందే చెప్పాను. "పెద్దవాళ్లూ, కంటి ఆపరేషన్ అయినవాళ్లూ ఇప్పుడే కొనకండి. అక్షరాలు పెద్దవి చేసేదాకా ఆగండి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మనసులో ఉన్నది పక్కింటి ఆయనే.

కెమెరా ఆపి, నా స్నేహితురాలు నా భుజం తట్టింది. "మస్తు చెప్పినవక్కా," అంది.

రెండు మూడు రోజులకు అంకుల్ గేటు దగ్గర పట్టుకున్నారు. "ఏందీ బిడ్డా, కనబడతయా మరి?" అని అడిగారు. షరతు ఉంది కదా, చెప్పలేకపోయాను.

"ఇప్పుడు చెప్పకూడదు అంకుల్. వీడియో వస్తుంది, చూడండి. అందులో మీకోసమే చెప్పాను," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "గంతే చాలు," అని వెళ్లిపోయారు.

వీడియో వచ్చిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ టీవీ ముందు మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఏటే, నా బొట్టు తుడిసీసినారా? అంత నామోషీ అయిపోనాదా మీకు?" అంది.

"ఎవరు తుడిచారే? చివరిదాకా ఉంది," అన్నాను.

"ఏదీ, నువ్వే సూడు."

చూశాను. మొదట్లో నా చేతుల్లో ఉన్న యంత్రానికి బొట్టు ఉంది. గేమ్ పేరు రావడం, నేను అరవడం, అంతా ఉంది. ఆ వెంటనే అలాంటిదే మరో యంత్రం, అదే గేమ్. దానికి బొట్టు లేదు. పట్టుకున్న చేతులు కూడా నావి కావు. దాని తెర మీద అక్షరాలు పెద్దబాలశిక్షలో అచ్చేసినంత పెద్దగా, నల్లగా, తీరుగా ఉన్నాయి. వాటి మీద నా గొంతు వినపడుతోంది. "చదువుతుంటే కంటికి హాయిగా ఉంది. పెద్దవాళ్లు కూడా ఏ ఇబ్బందీ లేకుండా వాడుకోవచ్చు!"

ఆ మాట నేనే అన్నాను. ఏడాది కింద, పుస్తకాలు చదువుకునే మరో యంత్రం గురించి అన్నాను. ఆ మాటను తీసుకొచ్చి నా స్నేహితురాలు ఇక్కడ అతికించింది. కొనకండి, ఆగండి అన్న మాట ఎక్కడా లేదు. యంత్రం కాలిన సంగతి లేదు. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

"ఏమే, ఏం చేశావే నువ్వు?"

"అక్కా, లొల్లి చెయ్యకు. జెర విను. కంపెనీవాళ్లు ముందుగాల చూపించుమన్నరు. చూసి, గా ముక్క తీసెయ్యమన్నరు. వాళ్ల వీడియో వాళ్లే పంపిన్రు. ఇంకో కొత్త గేమ్ వస్తుందంట, బయటికి రాకముందే ఆడనిస్తరంట. బెంగుళూరుకు మనిద్దర్ని పిలుస్తున్నరు. గిట్ల తిట్టుకుంట కూసుంటే మళ్ల మనకు డబ్బా ఎవడు పంపుతడు?"

"నాకొక్క మాట చెప్పాలని అనిపించలేదా?"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటవా?"

ఎంత మామూలుగా అడిగిందో! కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా. నేను ఒప్పుకోనని తెలుసు. తెలిసే చేసింది. భుజం తట్టిన ఆ ఆదివారమే ఆమెకు తెలుసో, తరువాత తెలిసిందో, అది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మా అమ్మ చేతి ఉప్మా తిన్న మనిషి. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

"తీసెయ్. ఇప్పుడే, ఈ నిమిషమే తీసెయ్," అన్నాను.

"ఇప్పుడెట్ల తీస్త అక్కా, మస్తు నడుస్తుంది. రేపు మాట్లాడుకుందం," అని పెట్టేసింది. వీడియోలు పెట్టే, తీసే పాస్‌వర్డులన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. నేనే ఇచ్చాను.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, గేటు చప్పుడైంది. అంకుల్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏదో శుభకార్యానికి వచ్చినట్టు వచ్చారు. రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నది అదే డబ్బా.

"పొద్దున నీ వీడియో చూడంగనే బస్సెక్కి పోయిన బిడ్డా. దుకాణం తియ్యక ముందే నిలబడ్డ. ఇంట్ల తెరవలే. నువ్వు వచ్చినంక అమ్మతోని బొట్టు పెట్టించుకుందమని ఆగిన," అన్నారు.

"కూకోండి అన్నయ్యగారూ," అంటూ అమ్మ పసుపు కుంకుమల పళ్లెం తెచ్చింది. నేను నోరు తెరిచే లోపలే ఆయన డబ్బా తెరవడం, యంత్రానికి కుడివైపు పైమూలన బొట్టు పడడం అయిపోయాయి. ఆయన యంత్రాన్ని కళ్లకద్దుకుని స్విచ్ వేశారు.

గేమ్ పేరు పెద్దగా వెలిగింది. "అబ్బ!" అన్నారు, అచ్చం నేను అన్నట్టే. తరువాత కథ మొదలైంది. పడవవాడు మాట్లాడుతున్నాడు. అంకుల్ యంత్రాన్ని దగ్గరికి తెచ్చుకున్నారు. దూరంగా పెట్టారు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. లేచి కిటికీ దగ్గర వెలుతురులోకి వెళ్లారు. మా అమ్మకు కూడా అర్థమై పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మంచిగైంది అన్నడు డాక్టరు. మంచిగ గాలేదు బిడ్డా. నీ వీడియోల ఎంత పెద్దగ కనబడ్డయి! నాకు కనబడుతలేవు," అన్నారు.

"అంకుల్, మీ కళ్లకేం కాలేదు. అక్షరాలే అంత చిన్నవి. వీడియోలో చూపించింది వేరేది. నేను కొనొద్దనే చెప్పాను, దాన్ని కోసేశారు," అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. "నా మనసు కష్టపెట్టొద్దని గిట్లంటున్నవ్. పర్వాలేదు తీ. కంటికి హాయిగ ఉందని నీ నోటితోని చెప్పినవ్. నేను విన్న గద," అన్నారు.

అబద్ధం నా గొంతుతో చెబితే నమ్మారు. నిజం ఎదురుగా నిలబడి చెబుతుంటే ఓదార్పు అనుకుంటున్నారు.

టీపాయ్ మీద ఆ రోజు పేపర్ ఉంది. వెనక పేజీ, చిన్న అక్షరాల ప్రకటనలున్న వైపు, మడిచి ఆయన చేతిలో పెట్టాను. "ఇది చదవండి అంకుల్. పైకి చదవండి," అన్నాను.

భయంభయంగా మొదలుపెట్టారు. అల్వాల్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు కలదు, శాకాహారులకు మాత్రమే. వాడిన కుట్టు మిషను అమ్మబడును. ఒక్క అక్షరం తడబడలేదు. చదువుతూ చదువుతూ గొంతు గట్టిపడింది. వరసగా నాలుగైదు ప్రకటనలు చదివి ఆగిపోయారు. పేపర్ మడిచి టీపాయ్ మీద పెట్టారు. ఇంకా వెలుగుతున్న ఆ యంత్రాన్ని చూశారు. తరువాత తలెత్తి నన్ను చూశారు.

"కండ్లు మంచిగనే ఉన్నయి," అన్నారు.

బిడ్డా అనలేదు.