మామ చెక్కిన గైడు దిమ్మలు

మా మామ షెడ్డులో ఉన్న బ్యాండ్ సా తిన్నగా కోయదు. ఆ సంగతి పెళ్లయిన వారంలోనే తెలిసింది కానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. కొడుకుల్లేరని నన్ను ఇల్లరికం తెచ్చుకున్నారు. బన్సీలాల్‌పేట్ సందులో షెడ్డు ముందు, ఇల్లు వెనక. పాల ప్యాకెట్టుకు పోవాలన్నా షెడ్డులోంచే దారి. మా గది గోడ అవతలే మిషన్. పొద్దున్నే మామ మోటారు వేస్తే గోడ వణికేది, గోడకు ఆనించిన మంచం వణికేది, మంచం మీద నేను కళ్లు మూసుకొని ఇంకాసేపు అక్కడ లేనట్టు నటించేవాణ్ణి.

బ్యాండ్ సా అంటే పైనొక చక్రం, కిందొక చక్రం, రెండింటినీ చుట్టి తిరిగే సన్నటి పట్టీ రంపం. కొయ్యను తోసేటప్పుడు ఆ పట్టీ మెలిపడకుండా దానికి రెండు పక్కలా చిన్న దిమ్మలుంటాయి. వాటినే గైడు దిమ్మలంటాం. మిషన్‌తో వచ్చిన ఇనుప దిమ్మలు ఎప్పుడో అరిగిపోతే, మామ తుమ్మచెక్కతో తనే చెక్కి నూనెలో నానబెట్టి వేసుకున్నాడు. చెక్కకు వంక పెట్టలేం, నూనెకూ పెట్టలేం. చిక్కల్లా ఆయన పద్ధతిలోనే. దిమ్మ అరిగిన ప్రతిసారీ, ఆ అరిగినదాన్నే ముందు పెట్టుకొని కొత్తది చెక్కేవాడు. అరుగుడుతో వచ్చిన వంకరను కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా దించేవాడు. ఇదేం లెక్క మామా అని అడిగితే, "గదే దాని సైజు," అనేవాడు.

అందుకని ఆ బ్లేడు ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. మామ చెయ్యి దానికి అలవాటు పడి, కోతను కుడికి నెడుతూ గీత మీద ఉంచుతుంది. కొన్నాళ్లకు నా చెయ్యీ నేర్చుకుంది. జీతానికొచ్చిన వాళ్ల చేతులు మాత్రం నేర్చుకునేదాకా నిలవలేదు. గీత దాటించేవాళ్లు, మామ నోటికొచ్చినట్టు తిట్టేవాడు, పనిముట్ల సంచి భుజాన వేసుకొని వెళ్లిపోయేవాళ్లు. మిగిలింది మేమిద్దరమే. మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్తే భోజనాల వేళకే ఫోను. జ్వరమొచ్చి పడుకుంటే గుమ్మంలో మామ. కోపంగా ఒక్క మాట అనడు. "జెర తక్వైందా?" అని అడిగి అక్కడే నిలబడతాడు. దాని కంటే తిట్టడమే నయమనిపించేది.

కార్ఖానా ఏరియాలో మాడ్యులర్ కిచెన్లు చేసే ఒకాయన తన షెడ్డు చూసుకోవడానికి రమ్మన్నాడు. పైన రెండు గదుల వాటా, గాలి వచ్చే బాల్కనీ. దసరా దాకా నాకోసం ఆగుతానన్నాడు. నా భార్య ఆ బాల్కనీలో ఏ మొక్కలు పెట్టాలో కూడా అనుకుంది. ధైర్యం చేసి మామతో చెప్పాను. ఆయన కోత ఆపలేదు, తల తిప్పలేదు.

"పో అల్లుడూ. నేనేమన్న పట్టుకున్ననా? గీ మిషన్ నడిపేటోణ్ణి సూపెట్టి పో."

ఆ రాత్రి ఫోనులో వీడియోలు చూస్తుంటే సంగతి బోధపడింది. నన్ను పట్టుకున్నది మామ కాదు, అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఆ దిమ్మలు. అవి మారితే మిషన్ తిన్నగా కోస్తుంది, తిన్నగా కోసే మిషన్‌ను ఎవడైనా నడుపుతాడు. మర్నాడే రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలకు వెళ్లి నల్లటి ఫైబర్ దిమ్మలు తెచ్చాను. ఆదివారం మామ చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లగానే పని షురూ చేశాను. బల్ల పైన, బల్ల కింద స్క్రూలు వదులు చేసి, తుమ్మ దిమ్మలు తీసి, గట్టిపడిన పొట్టు గీకి, కొత్తవి దూర్చాను. పళ్లకు తగలకుండా కాస్త వెనక్కి జరిపి, బ్లేడుకూ దిమ్మకూ మధ్య కాగితం ముక్క పెట్టి బిగించి, కాగితం లాగేశాను. బ్లేడు నిటారుగా నిలబడింది. నిజం చెప్తున్నా, నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం నేను పిలిపించిన పనిమంతుడొకాయన మెట్టుగూడ నుంచి వచ్చాడు. మొదటి పలకే గీత మీద దించాడు. "మస్తు సాఫ్‌గ పోతున్నదన్నా మిషన్," అన్నాడు. మామ వచ్చి చూశాడు. కొత్త దిమ్మలను బొటనవేలితో తడిమాడు. తర్వాత ఒక టేకు పలక తీసుకొని తనూ తోశాడు. కోత కుడికి పోయింది. ఇంకోటి తోశాడు. అదీ కుడికే. బ్లేడు ఎడమకు లాగడం మానేసింది, చెయ్యి కుడికి నెట్టడం మానలేదు.

తిడతాడనుకున్నాను. "మంచిగ చేసినవ్ అల్లుడూ," అని బయటికెళ్లి గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే. మా పేటలోని పాత మెట్లబావి చూడ్డానికి వచ్చినవాళ్లు దారి అడిగితే చెయ్యి చూపిస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వంకరను సరిచేయడం కూడా తప్పేనా?

"నాయిన అన్నం సుత తింటలేడు. ఏమన్న అన్నవా?" అంది నా భార్య. మొక్కల మాట ఎత్తడం మానేసింది.

ఒక మధ్యాహ్నం పొట్టు బస్తా బయట పడేద్దామని ఎత్తితే బరువుగా ఉంది. విప్పి చూశాను. పొట్టు కింద పలక ముక్కలు. ప్రతి దాని మీదా పెన్సిలు గీత తిన్నగా ఉంది, కోత కుడికి పోయి ఉంది. మేము పని మీద బయటికి వెళ్లినప్పుడు మామ ఒక్కడే మిషన్ వేసుకొని నేర్చుకోవాలని చూశాడు. రాక, మా కంటపడకుండా దాచాడు. ఆ ముక్కలు చూస్తే ఆయన మీద జాలేసింది. ఆ జాలి మీద కూడా నాకు కోపమే వచ్చింది, ఎందుకంటే అది నన్ను ఏం చేయబోతోందో అప్పుడే తెలిసిపోయింది.

పనాయన వెళ్లిపోయాక తుమ్మ దిమ్మలు మళ్లీ బిగించాను.

మర్నాడు పొద్దున పనాయన తోసిన పలక ఎడమకు పోయింది. బయటి నుంచి మామ అరుపు వినిపించింది. "జరుగు జరుగు!" అంటూ లోపలికి వచ్చి, పలక అందుకొని గీత మీద దించేశాడు. మధ్యాహ్నానికి ఆ పనాయన సంచి సర్దుకున్నాడు. మిషన్ ఎందుకు మారిందని మామ నన్ను అడగలేదు. దిమ్మల వైపు ఒకసారి చూశాడంతే. తర్వాత లోపలికి వెళ్లి నూనె గుడ్డలో చుట్టిన పాత దిమ్మ ఒకటి తెచ్చాడు. ఇప్పుడున్న దిమ్మలకు నమూనా అదే.

"ఇగ నీ దగ్గర్నే ఉండనియ్యి," అని నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం కార్ఖానా ఆయనకు ఫోన్ చేసి రాలేనన్నాను. మొన్న పై దిమ్మ అరిగిపోయింది. మామ కుర్చీ వేసుకొని పక్కనే కూర్చున్నాడు. నమూనాను ముందు పెట్టుకొని కొత్తది చెక్కాను. వంకర కూడా సరిగ్గా దిగింది.