మెడ మీది సుడి

నా ఆడగుర్రం పిల్లలు పెట్టడానికి పనికిరాదని కొట్టేశారు. కారణం, దాని మెడ మీద సుడి!

ఇది ఫోన్‌లో గుర్రాలు పెంచే ఆట. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఆడేవాళ్లందరికీ ఒకటే గ్రూపు. ఏ గుర్రం పిల్లల కోసం జత కట్టడానికి పనికొస్తుందో తేల్చేది రేపల్లె కుర్రాడు.

"సుడి అచ్చిరాదు బాబాయ్. మా మగగుర్రాలతో జత కట్టనివ్వం," అన్నాడు.

"అది ఎవడో గీసిన బొమ్మరా అబ్బాయ్! దాని పరుగు చూడు," అన్నాను. వినలేదు.

బడికెళ్లకుండా చదువుకున్నవాణ్ణి, ఆట నియమాలన్నీ చదివాను. సుడి మాటే లేదు. మా నాన్న తెనాలి స్టేషన్ దగ్గర సుడి గుర్రాన్నే జట్కాకు కట్టి మమ్మల్ని పెంచాడు. నేనెందుకు తగ్గుతాను? నా ముసలి మగగుర్రంతోనే జత కట్టించాను. పుట్టిన పిల్ల బాపట్ల వాళ్ల గుర్రాలన్నిటినీ దాటి పందెం గెలిచింది. దాని మెడ మీదా అదే సుడి. ఆ బొమ్మ గ్రూపులో పెట్టాను.

రేపల్లె నుంచి జవాబొచ్చింది: "సుడి సంగతి వదిలేయండి బాబాయ్. ఈసారి పుట్టే పిల్ల నాకిస్తారా?"