పది నిమిషాలు ఆగమన్నది ఎవరు?

ఈ మధ్యాహ్నం బెంగళూరు హూడిలోని మా ఆఫీసులో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. మా యాప్‌లో ఎవరికీ లాగిన్ అవడం లేదు. ఒక్క లైను మార్చి సరిచేశాం. తీరా దాన్ని సర్వర్ మీదికి పంపే ప్రోగ్రాము, అదే పైప్‌లైన్, సగంలో ఆగి, పది నిమిషాలు ఆగాలంది. ఎప్పుడు పంపినా ఇదే తంతు. ఈలోగా మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు, నేను మూడుసార్లు లేచి నీళ్లు తాగాను.

ఓపిక నశించి, ఆ పైప్‌లైన్ టెంప్లేట్ మాకిచ్చిన పక్క టీమ్ మంజునాథ్ దగ్గరికి వెళ్లాను. ఆయనది బెంగళూరు పక్కనే ఉన్న ఆనేకల్.

"ఈ పది నిమిషాల వెయిటింగ్ ఎందుకండీ? తీసేయొచ్చు కదా?"

"దాన్ని ముట్టుకోవద్దప్పా! మేమూ ఇంకో టీమ్ దగ్గర కాపీ కొట్టిందే. ఎవరో బాగా తెలిసినోళ్లే పెట్టుంటారు. తీసేస్తే ఏమైతాదో ఏమో!"

ఆ తెలిసినవాళ్లెవరో పట్టుకుని కడిగిపారేద్దామని పాత ప్రాజెక్టులన్నీ తవ్వుకుంటూ పోయాను. నాలుగు ప్రాజెక్టుల వెనక మొట్టమొదటి ఫైల్ దొరికింది. రాసింది నేనే! అప్పట్లో ఒక టెస్ట్ సర్వర్ మెల్లగా స్టార్టవుతోందని, పక్కన "ప్రస్తుతానికి" అని రాసి మరీ ఈ పది నిమిషాల వెయిటింగ్ పెట్టాను. ఆ సర్వర్‌ను తీసేసి నాలుగేళ్లయింది.

ఆ లైను తీసేయడం అర నిమిషం పని. సాయంత్రం దాకా దాన్నే చూస్తూ కూర్చుని, ఫైల్ మూసేసి ఇంటికొచ్చాను. మీరైతే తీసేసేవారా? చెప్పండి. నాకైతే మంజునాథ్ మాటే గుర్తొస్తోంది. తీసేస్తే ఏమైతాదో ఏమో!